వెంకట్రాజుగారి స్నానాలగది

తాపీ మేస్త్రి శుక్రవారం పొద్దున్న రాలేదు. పదింటికి ఫోన్ చేస్తే, తాడేపల్లిగూడెంలో ఎవరిదో స్లాబు పడుతోందనీ, అది అయ్యాక సోమవారమో, మంగళవారమో, కాకపోతే ఆ పైవారమో తప్పకుండా వస్తాననీ చెప్పాడు. మేస్త్రులు అబద్ధమాడరు. తప్పకుండానే వస్తారు. ఏ వారమన్నది మాత్రం మనం అడగకూడదు. వెంకట్రాజు ఫోన్ జేబులో పెట్టుకుని, సగం పనిలో ఆగిపోయిన స్నానాలగది గుమ్మం దగ్గర నిలబడి వేళ్లు మడిచాడు. కాంతం వచ్చే గురువారం మధ్యాహ్నం ఇంటికొస్తుంది. మధ్యలో మిగిలినవి సరిగ్గా అయిదు రోజులు.

కాంతమంటే ఆయన భార్య సూర్యకాంతం. ఏలూరులో ఆసుపత్రిలో సోమవారం చేర్చి బుధవారం నాడు కుడి మోకాలు మార్చారు. ఆపరేషను బాగానే జరిగింది, మర్నాటికే వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసింది కూడా. ఆవిడ బాధల్లా ఒక్కటే. మంచం దిగాలంటే ఒకరు పట్టుకోవాలి, బాత్రూముకి ఒకరు తీసుకెళ్లాలి, ఒళ్లు తుడవడానికి ఆయా రావాలి, తుడిచేటప్పుడు తలుపు సగం తెరిచే ఉంటుంది. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఫలానాది కావాలని నోరు తెరిచి అడగని మనిషి, గురువారం సాయంత్రం మొగుడి చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఏవండీ, ఇంటికొచ్చాక నా స్నానం నేనే చేసుకుంటానండి. నన్నెవరూ పట్టుకోకూడదు. మీరు కూడానండి."

అలాగేనన్నాడు వెంకట్రాజు. అని ఇంటికొచ్చాడు, తెల్లారి మేస్త్రి ఇలా చేశాడు.

వట్లూరులోని ఆ ఇల్లు కట్టి పదిహేనేళ్లయింది. పడగ్గదికి ఆనుకుని ఉన్న స్నానాలగదిలోకి జానెడు మెట్టు ఎక్కి దిగాలి. కొత్త మోకాలికి మెట్టూ పనికిరాదు, కింద కూర్చోవడమూ పనికిరాదు. అందుకే మేస్త్రిని పిలిచి అంతా కొట్టించారు. అతను కుర్చీలాంటి కమోడు బిగించాడు, మెట్టు తీసేసి పడగ్గది నేలతో కలిసేలా కాంక్రీటు పోశాడు, మూల నీళ్లు పోయే జాలీకి చట్రం కూర్చోబెట్టాడు. ఇక మిగిలింది గరుకు టైల్సు పరవడం, గోడలకి మూడుచోట్ల పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించడం. అంతలో గూడెంలో స్లాబు పడింది. ఇంకో మేస్త్రిని చూద్దామంటే, వట్లూరులో కాలేజీలు పెరిగి, వాటి వెనకే అపార్టుమెంట్లు పెరిగి, ఖాళీగా ఉన్న మేస్త్రి అనేవాడే కనబడటం మానేశాడు.

"నేను చేస్తాను," అన్నాడు వెంకట్రాజు, కూతురు హర్షిణితో.

హర్షిణి ఆ ఊళ్లోనే కాలేజీలో పాఠాలు చెబుతుంది. మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి నవ్వలేదు. కానీ ఆ అమ్మాయి చూపు గోడ మీదికి పోయింది. ఆ గోడ కథ చెప్పుకోవాలి. వెంకట్రాజు ఇంట్లో ఏ మరమ్మతు చేసినా ఆయన సామాను మూడే: పలుగు, కొడవలి, పచ్చడిబండ. కేలండరు మేకు పచ్చడిబండతో కొడితే పళ్లెమంత పెచ్చు ఊడింది. పక్కన కొట్టాడు, అక్కడా ఊడింది. ఆ కేలండరు నాలుగుచోట్లు మారి చివరికి బీరువా తలుపుకి దారంతో వేలాడింది. మా గోడలకి అమ్మవారు పోసిందండీ అని కాంతం వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆయన అదే చేత్తో పొలంలో మాత్రం మహారాజు. శ్రీపర్రు దారిలో ఆయనకి నాలుగెకరాల మాగాణి ఉంది. దమ్ము చేసి, బల్ల లాగించి, ఆయన చదును చేసిన మడిలో ఈ మూల బెత్తెడు నీళ్లుంటే ఆ మూలా బెత్తెడే. ఊడ్పులకి ముందు పక్క రైతులు గట్టు మీద నిలబడి ఆ చదును చూసి, మా చేలోకి ఒకసారి రండి రాజుగారూ అని పిలుచుకుపోయేవారు. అలాంటి మనిషికి ఇంట్లో ఒక్క మేకు కుదరదంటే లోపం చేతిలో ఉన్నట్టా, పచ్చడిబండలో ఉన్నట్టా? ఈ సంగతి ఆయనకి యాభయ్యేడో ఏట, శనివారం పొద్దున్న, ఎడ్విన్ గారి కొట్లో తెలిసింది.

ఎడ్విన్ విశాఖపట్నంలో ఇరవయ్యేళ్లు ఫిట్టరుగా చేసి వచ్చి, ఏలూరులో మిషన్లు రోజు అద్దెకిచ్చే కొట్టు పెట్టుకున్నాడు. ఆయన దగ్గరో పద్ధతుంది. మిషను పట్టుకోవడం రాని మనిషికి అద్దెకివ్వడు. కొట్టు ముందు రెండు సిమెంటు ఇటుకలు పెట్టి ఉంటాయి. కళ్లద్దాలు పెట్టించి, చేతికి డ్రిల్లింగ్ మిషను ఇచ్చి, అక్కడ ఒక కన్నం వేయమంటాడు. వెంకట్రాజు పలుగు పట్టుకున్నట్టు పట్టుకుని బలమంతా పెట్టాడు. మిషను గీపెట్టింది, మొనకున్న బిట్టు పక్కకి జారింది. ఎడ్విన్ ఆపి, మీరు తొయ్యకండి రాజుగారూ, నిటారుగా పట్టుకుంటే చాలు, తవ్వడం దాని పని అన్నాడు. రెండోసారి వెంకట్రాజు ఊపిరి బిగబట్టి ఊరికే పట్టుకున్నాడు. సన్నటి తెల్ల పొడి రాలింది. బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగింది. బయటికి తీసి చూస్తే గుండ్రటి కన్నం, అంచు చెదరలేదు, ఒక్క పెచ్చు రాలలేదు.

ఆయన ఆ కన్నంలోకి వేలు పెట్టి చూశాడు, వంగి లోపలికి చూశాడు, ఇంకోటి వేయమంటారా అని అడిగాడు. అడిగి మూడు వేశాడు. ఆ సంతోషం చెప్పనలవి కాదు. ఇన్నాళ్లూ తన చేతి మీద తనకే నమ్మకం లేకుండా చేసిన ఆ పచ్చడిబండ మీద పట్టరాని కోపం వచ్చింది.

ఎడ్విన్ డ్రిల్లింగ్ మిషను, టైల్సు కోసే మిషను, పళ్లున్న తాపీ, రబ్బరు సుత్తి, చదును చూసే రసమట్టం, టైలుకీ టైలుకీ మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్కలు అన్నీ సంచిలో సర్ది ఒక్కొక్కటీ దేనికో చెప్పాడు. వెంకట్రాజు ఆ సంచిని మోపెడు మీద కాళ్ల మధ్య పెట్టుకుని, రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు కూడా ఒక చెయ్యి దాని మీదే ఉంచి, వట్లూరు చేరాడు. చేరీ చేరగానే పనిలోకి దిగాడు, అన్నం సంగతి మరిచిపోయాడు.

ముందుగా మేస్త్రి పోసిన నేల చూడాలి కదా. నీళ్లు నింపిన పారదర్శకమైన పైపు ఒక కొస హర్షిణి చేత గోడకి పట్టించి, రెండో కొస తాను పట్టుకుని, గీతలు పెట్టుకుంటూ నాలుగు మూలలూ కొలిచాడు. కొలిచి నిర్ఘాంతపోయాడు. గుమ్మం దగ్గరికీ జాలీ మూలకీ అంగుళం పైన తేడా. నేలంతా ఆ మూలకి ఒరిగిపోయి ఉంది. వెంకట్రాజుకి ఒళ్లు మండింది. గూడెం స్లాబు మీద ధ్యాస పెట్టుకుని నా ఇంట్లో వంకర నేల పోసి పోయాడని మేస్త్రిని వాడి వంశంతో సహా తిట్టాడు. ఈ వంకర మడిని తన చేత్తో సరిచేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు. సిమెంటు కలిపి, పల్లంగా ఉన్న మేరంతా నింపి, చెక్కతో లాగి, జాలీ చట్రాన్ని కూడా ఆ మేరకి పైకి లేపి, సాయంత్రానికి ఆ నేలని చదును చేసి పారేశాడు. పైపు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

ఆదివారం టైల్సు. తెల్లటి జిగురు సిమెంటు పళ్ల తాపీతో గీస్తే దువ్విన జుట్టులా చాళ్లు పడ్డాయి. టైలు పెట్టి రబ్బరు సుత్తితో తడితే మెత్తగా కూర్చుంది. మొదటి టైలుకి అరగంట పట్టింది, పదో టైలుకి అయిదు నిమిషాలు. కమోడు చుట్టూ వంపుగా కోయాల్సిన టైలు మూడు పగిలి, నాలుగోది అతికినట్టు కుదిరింది. ఆ నాలుగోదాన్ని హర్షిణి ఫొటో తీయాల్సి వచ్చింది, నాన్నగారు తీయమన్నారు కాబట్టి. ప్రతి టైలు మీదా రసమట్టం పెట్టడం, లోపలి గాలి బుడగ నడిమధ్యకొచ్చి ఆగడం, ఆయన గాల్లో తేలడం.

సాయంత్రం ఆసుపత్రికి టేపు పట్టుకుని వెళ్లాడు. కాంతాన్ని వాకరుతో నిలబెట్టి, నేల నుంచి మోచేతి దాకా ఎంత, మణికట్టు దాకా ఎంత, కూర్చుంటే చెయ్యి ఎక్కడికి అందుతుంది అని కొలిచి అరచేతిలో రాసుకున్నాడు. నర్సమ్మ మెర్సీ చూసి, అమ్మగారికి కొత్త జాకెట్టాండీ అని అడిగింది. కాంతం నవ్వుతూ మొగుడి చేతుల వంక చూసింది. గోళ్ల సందుల్లో తెల్ల సిమెంటు. మేస్త్రి పారిపోయాడాండీ అని మెల్లగా అడిగింది. దాచడం చేతకాక అవునన్నాడు. పెచ్చులూడిన గోడ ఆవిడ కళ్ల ముందు మెదిలిందో ఏమో, కడ్డీలు మాత్రం గట్టిగా పెట్టండి అంది.

సోమవారం పొద్దున్న సందులు నింపడం, తుడవడం. సాయంత్రం హర్షిణి కాలేజీ నుంచి వచ్చాక, పెళ్లికూతుర్ని చూపించినట్టు స్నానాలగది చూపించి, బకెట్టుడు నీళ్లు గుమ్మరించాడు. నీళ్లు నాలుగు గోడల దాకా పరుచుకున్నాయి. పరుచుకుని ఆగాయి. ఇక్కడ గోరంత, అక్కడా గోరంతే. లైటు ఆ నీళ్లలో కదలకుండా నిలబడింది. వెంకట్రాజు ఆనందం పట్టలేకపోయాడు. ఊడ్పులకి సిద్ధంగా ఉన్న మడిలా ఉందమ్మా అని కూతురికి చూపించాడు. అలా చూస్తూ ఎంతసేపు నిలబడేవాడో తెలియదు.

"నాన్నగారూ, నీళ్లు పోవట్లేదేంటండీ?" అంది హర్షిణి.

ఆయన జాలీ వంక చూశాడు. జాలీ అంచు టైల్సు కంటే ఒక పిసరు పైకి లేచి, నీళ్ల మధ్య ప్రశాంతంగా ఉంది. నీళ్లకి అటు పోవలసిన అవసరమేమీ కనిపించలేదు. అవి గుమ్మం దాటి, మెట్టు లేని పడగ్గదిలోకి మాత్రం నెమ్మదిగా తొంగి చూస్తున్నాయి. వెంకట్రాజుకి అప్పుడు వెలిగింది. మేస్త్రి పోసింది వంకర నేల కాదు. వాటం పెట్టిన నేల. నీళ్లు వాటంతట అవి జాలీలోకి పోవడానికి కొలిచి పెట్టిన వాటం. దాన్ని తాను బస్తా సిమెంటు పోసి, రాత్రీ పగలూ మోకాళ్ల మీద పాకి, ఎంతో శ్రద్ధగా చెడగొట్టాడు. నలభయ్యేళ్లు నీళ్లు నిలబెట్టడమే పనిగా బతికిన మనిషికి, నీళ్లు నిలవకూడని చోటు ఒకటుంటుందని తట్టనే లేదు. ఉసూరుమంటూ కమోడు మూత మీద కూలబడి, గూడెం వైపు తిరిగి మేస్త్రికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

హర్షిణి మంచి సలహాయే చెప్పింది. ప్రస్తుతానికి రబ్బరు పట్టా వేద్దాం, గుమ్మానికి అడ్డంగా చిన్న గట్టు అతికిద్దాం, అమ్మ స్నానం చేస్తున్నంతసేపూ నేను లోపలే ఉండి నీళ్లు జాలీలోకి నెడుతూ ఉంటాను, తర్వాత మేస్త్రి వచ్చి చూసుకుంటాడు అంది. కొత్త టైల్సు పగలగొట్టడం ఆయనకీ ప్రాణం ఒప్పలేదు. కమోడు పక్కన వంపు తిరిగిన ఆ నాలుగో ముక్క మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఒక నిమిషం సరేనందామనుకున్నాడు కూడా. అప్పుడు తట్టింది, నీళ్లు నెట్టడానికి ఒకరు లోపలుంటే కాంతం అడిగిందేమిటి, తాను అలాగేనన్నదేమిటి అని.

"వద్దమ్మా. రేపు పగలగొట్టేస్తాను," అన్నాడు.

మంగళవారం తెల్లారేసరికి ఎడ్విన్ గారి కొట్టు ముందున్నాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. ఎడ్విన్ నవ్వలేదు. అదే డ్రిల్లింగ్ మిషనుకి ఒక మీట తిప్పితే తిరగడం మానేసి ఉలిలా పొడుస్తుందని చూపించి, ఉలి బిట్టు ఇచ్చాడు. ఈసారి జిగురు వద్దు, ఆరడానికి టైము లేదు, పొడి పొడిగా కలిపిన సిమెంటు ఇసుక పరిచి, దాని మీద పాలు పోసి టైలు కూర్చోబెట్టండి, మర్నాటికి నడవొచ్చు అన్నాడు. సిమెంటు పాలు అనుకోండి, వెంకట్రాజుకి తెలుసు. వస్తూ దారిలో మళ్లీ టైల్సు కొనుక్కొచ్చాడు.

మొదటి దెబ్బ వేసేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. రెండో దెబ్బకి తెరిచాడు. పదో దెబ్బకి హుషారొచ్చింది. కట్టడంలోనే కాదు, సరైన మిషను చేతిలో ఉంటే కూల్చడంలోనూ గొప్ప సరదా ఉంది. పలుగుతో అయితే రెండు రోజులు పట్టి కమోడు కూడా పగిలేది. పదకొండింటికల్లా నేల ఖాళీ.

ఆ ఖాళీ నేల మధ్యలో నిలబడి ఆలోచించాడు. ఇది మడి కాదు. మరి నా పొలంలో దీనికి సాటి ఏమిటి? తట్టగానే తొడ చరిచాడు. మురుగు బోదె. వానలకి చేలో ముంపు నిలిస్తే ఆ నీటిని కాలువలోకి దింపే బోదె ఆయన తవ్వినవి ఎన్ని లేవు. అడుగు అడుగుకీ ఇంత అని పైపుతో చూసుకుంటూ తవ్వుతాడు. వాటం తక్కువైతే నీళ్లు నిలుస్తాయి, ఎక్కువైతే గట్టు కోస్తుంది. ఇంతకాలం తెలిసిన విద్యే, ఇంటి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు వదిలేసి లోపలికొచ్చాడు, అంతే. జాలీ చట్రాన్ని మళ్లీ దాని పాత లోతుకి దింపి, నాలుగు గోడల దగ్గర నుంచి దాని మీదికి పురికొసలు లాగి, గుమ్మం దగ్గర నుంచి అంగుళం పావు, జాలీకి దగ్గరి గోడ నుంచి అరంగుళం దిగేలా గీతలు పెట్టాడు. పురికొస వెంట సిమెంటు ఇసుక పరిచి, ప్రతి టైలు మీదా రసమట్టం పెట్టాడు. ఇప్పుడు బుడగ నడిమధ్యకి వస్తే కంగారు, కాస్త పక్కకి జరిగితే సంతోషం.

బుధవారం పొద్దున్నే సందులు నింపి, మధ్యాహ్నం చెంబుడు నీళ్లు గుమ్మం దగ్గర వదిలాడు. నీళ్లు క్షణం ఆగాయి. తర్వాత సన్నగా పాయగా కదిలాయి, కమోడు పక్కనుంచి తిరిగాయి, ఎవరో పిలిచినట్టు మూలకి పోయి జాలీలో గలగలమని దిగిపోయాయి. తండ్రీ కూతుళ్లిద్దరూ నేల మీద చతికిలబడి ఇంకో చెంబుడు వదిలారు. మళ్లీ ఇంకోటి. అలా ఎన్ని చెంబులు పోశారో వాళ్లకే తెలియదు, ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

తర్వాత కడ్డీలు. అరచేతిలో రాసుకున్న కొలతలు ఎప్పుడో కాయితం మీదికి ఎక్కించుకున్నాడు. గోడ మీద పెన్సిలు గుర్తులు పెట్టి, నిటారుగా పట్టి, తొయ్యకుండా పన్నెండు కన్నాలు వేశాడు. ఒక్క పెచ్చు ఊడలేదు. బోల్టులు దిగ్గొట్టి, బిగించి, ఎనభై రెండు కిలోల మనిషి ఒక్కో కడ్డీనీ పట్టుకుని కాళ్లు ముడిచి వేలాడాడు. కడ్డీ కిక్కురుమనలేదు.

గురువారం మధ్యాహ్నం కాంతం వచ్చింది. వాకరు టకటకలాడిస్తూ పడగ్గది దాటి, ఎక్కడా కాలెత్తకుండానే స్నానాలగదిలోకి చేరింది. నేల చూసింది. కడ్డీలు ఒక్కొక్కటీ పట్టుకుని లాగి చూసింది. సరిగ్గా చెయ్యి చాచిన చోటే ఉన్నాయి. గోడ మీద తడిమి, పెచ్చులేవండీ అని అడిగింది. వెంకట్రాజు పొంగిపోయాడు. హర్షిణి మోకాలి కట్టు తడవకుండా ప్లాస్టరు అతికించింది, ఎత్తుపాటి స్టూలు వేసింది, వేడినీళ్లలో చన్నీళ్లు తొరిపి పెట్టింది. కాంతం తలుపు వెయ్యబోతూ, తలుపు వెనక చెయ్యి పెట్టి తడిమి, ఆగింది.

"ఏవండీ, గడియేదండీ?"

గడియ బుధవారం సాయంత్రం వెంకట్రాజే ఊడదీశాడు. లోపల జారిపడితే తలుపు పగలగొట్టాల్సి వస్తుందని ఆయన భయం. హర్షిణీ అదే మంచిదంది. ఆ మాటే నసుగుతూ చెప్పాడు, తలుపు దగ్గరగా వేసి ఉంచుతామనీ, ఎవరూ లోపలికి రారనీ.

కాంతం ఆయన మొహంలోకి చూసింది. కోపంగా కాదు.

"మీరు వేసిన నేల మీద నేను జారతానాండీ?"

వెంకట్రాజు పోయి గడియా, స్క్రూ డ్రైవరూ తెచ్చాడు. కాంతం వాకరు పట్టుకుని చూస్తూ నిలబడింది. ఆయన నాలుగు స్క్రూలూ బిగించాడు. ఆఖరిదీ గట్టిగానే బిగించాడు. ఒకసారి వేసి, తీసి చూసి పక్కకి తప్పుకున్నాడు.

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. కాసేపటికి మొదటి చెంబుడు నీళ్ల చప్పుడు, ఆ వెంటనే జాలీలోకి గలగల. తండ్రీ కూతుళ్లు పడగ్గదిలో మంచం అంచున కూర్చున్నారు. పది నిమిషాలైంది. పావుగంటైంది. నీళ్ల చప్పుడు ఆగింది, లోపలి నుంచి ఏమీ వినబడటం లేదు. హర్షిణి లేచి, పిలవడానికి తలుపు మీద చెయ్యి వేయబోయింది. వెంకట్రాజు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ అమ్మా," అన్నాడు. "మీ అమ్మ ఒక్కర్తీ ఉండి పది రోజులైంది."